ఫోన్‌లో 36, బండ మీద 50: తొలి ఎండల్లో గుట్టల లెక్క వేరు

క్లుప్తంగా

ఫాల్గుణ, చైత్ర మాసాల్లో దక్షిణ తెలంగాణ గుట్టల మీది వాతావరణం ఊళ్లో కొలిచే అంకెకు అందదు. మన కొండల ఎత్తు తగ్గించే వేడి రెండు మూడు డిగ్రీలకు మించదు. బండ వేడి, ఆకు రాలిన అడవి, పొడిగాలి కలిసి ఆ కాస్త లాభాన్నీ తినేస్తాయి. సలేశ్వరం లాంటి లోయ దారుల్లో ఎక్కుడు సరిగ్గా మిట్టమధ్యాహ్నానికి పడుతుంది. సాయంత్రం ఉరుముల వానది ఇంకో గొడవ. ఇవేవీ వడగాలి హెచ్చరికల్లో కనిపించకపోవచ్చు.

శివరాత్రికి చలి శివశివా అనుకుంటూ పోతుందంటారు. దక్షిణ తెలంగాణలో జనం గుట్టల వైపు కదిలేదీ అప్పుడే. శివదీక్ష తీసుకున్న స్వాములు హైదరాబాద్–శ్రీశైలం రహదారి పట్టుకుని మన్ననూరు మీదుగా నడుస్తారు. ఉగాదికి కన్నడ భక్తులు కృష్ణకు ఆవలి వైపు నల్లమల దాటి మల్లన్న దగ్గరికి చేరుకుంటారు. చైత్ర పౌర్ణమి వచ్చిందంటే అచ్చంపేట దారులన్నీ నల్లమల లోయలో జరిగే సలేశ్వరం జాతరకే. ఇక శని, ఆదివారాల్లో భువనగిరి ఖిల్లా, రాచకొండ, దేవరకొండ, కోయిల్‌కొండ, ఖిల్లా ఘనపురం ఎక్కే కుర్రకారు సంగతి సరేసరి.

వీళ్లలో చాలామంది బయల్దేరే ముందు ఫోన్‌లో చూసేది ఒకటే అంకె. 36 అని కనబడితే 'ఎండలు ఇంకా ముదరలేదులే' అనుకుంటారు. దానికి తోడు రెండు నమ్మకాలు: ఇది వసంతం కదా అని ఒకటి, కొండ మీద చల్లగానే ఉంటుంది కదా అని ఇంకొకటి. రెండూ అబద్ధాలు కావు. మన గుట్టల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండూ సగం నిజాలే.

ఆ 36 ఎక్కడిది?

వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత గాలిది, అదీ నీడలోది. నేలకు దాదాపు నాలుగడుగుల ఎత్తున, గాలి ఆడే సందులున్న తెల్ల చెక్కపెట్టెలో థర్మామీటర్ పెట్టి కొలుస్తారు. ఎండ దానికి నేరుగా తగలదు. కింది నేల సెగ కూడా పెద్దగా సోకదు. మండలాల్లో కనిపించే ఆటోమేటిక్ కేంద్రాల్లో చెక్కపెట్టె బదులు పళ్లేలు బోర్లించి పేర్చినట్టుండే తెల్ల తొడుగు ఉంటుంది. పని మాత్రం అదే. ప్రతిచోటా ఇలాగే కొలిస్తే తప్ప ఒక ఊరి ఎండను ఇంకో ఊరి ఎండతో పోల్చడం కుదరదు.

కాబట్టి మహబూబ్‌నగర్‌లో 36 అంటే, ఆ పూట అక్కడ నీడలో, గాలి ఆడేచోట 36 అని అర్థం. గుట్ట ఎక్కేవాడికి ఆ నీడ ఉండదు. నేలకు నాలుగడుగుల ఎడం కూడా ఉండదు. నిట్రంగా ఉన్నచోట చేతులు, మోకాళ్లు బండకు ఆనించే పైకి పోవాలి.

ఇక ఎత్తు సంగతి. పైకి పోయేకొద్దీ గాలి చల్లబడేది సగటున కిలోమీటరుకు ఆరున్నర డిగ్రీలు. నేల కాగి గాలి బాగా కలగలిసిన మధ్యాహ్నాల్లో అది పదికి దగ్గరవుతుంది. భువనగిరి ఖిల్లా బండ చుట్టూ ఉన్న నేల కన్నా సుమారు 500 అడుగులు ఎత్తు, అంటే 150 మీటర్లు. ఎలా లెక్క కట్టినా తగ్గేది ఒక డిగ్రీ, మహా అయితే ఒకటిన్నర. నల్లమలలోని అమ్రాబాద్ పీఠభూమి కింది మైదానం కన్నా కొన్ని వందల మీటర్లు పైన ఉంది కాబట్టి అక్కడ రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. రాత్రి, తెల్లవారుజామున ఆ తేడా హాయిగా తెలుస్తుంది. మధ్యాహ్నం రెండింటికి ఎవరికీ తెలియదు.

కొండంటే చల్లదనం అన్న ఊహ మనకు చాలావరకు హిమాలయాల నుంచి వచ్చింది. ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం దాదాపు 3,800 మీటర్లు. అంత ఎత్తుకు పోతే మైదానం కన్నా ఇరవై డిగ్రీల పైనే తగ్గుతుంది, మార్చిలోనూ కాళ్ల కింద మంచే. అక్కడా తెల్లవారకముందే నడక మొదలుపెట్టిస్తారు. రాత్రి గడ్డకట్టిన మంచు పొద్దున గట్టిగా ఉండి బరువు మోస్తుంది, ఎండ ఎక్కితే మెత్తబడి కాలు దిగబడుతుంది, వాలు మీద మంచు జారే భయమూ పెరుగుతుంది. ఇక్కడా తెల్లవారకముందే మొదలుపెట్టాలి, కాకపోతే అది బండ కాగకముందే దిగిపోవడానికి. వేళ ఒకటే అయినా కారణాలు పూర్తిగా వేరు. ఇంటర్నెట్‌లో దొరికే ట్రెక్కింగ్ సలహాల్లో ఎక్కువ భాగం అక్కడి వాతావరణం కోసం రాసినవి. ఆ జాబితా పట్టుకుని మార్చిలో దేవరకొండకు మందపాటి జాకెట్ మోసుకుపోతే బరువు తప్ప ఒరిగేదేమీ లేదు. చేతి తొడుగులు మాత్రం పనికొస్తాయి, చలికి కాదు, కాలే బండకు.

2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ తొలి పాఠాలు నేర్చుకున్నది భువనగిరి బండ మీదే. మంచు కొండకు శిక్షణ ఎండ బండ మీద మొదలవడంలో వింతేమీ లేదు. పట్టు, తాడు, అడుగు ఎక్కడైనా ఒకటే. వాతావరణం పాఠం మాత్రం రెండుచోట్లా విడివిడిగా నేర్చుకోవాల్సిందే.

బండ దాచుకునే వేడి

మార్చి 20, 21 తేదీల్లో నల్లగొండలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు 73 డిగ్రీల ఎత్తున ఉంటాడు. మిట్టమధ్యాహ్నం అంటే గడియారం ప్రకారం పన్నెండు కాదు, ఇక్కడ పన్నెండుంబావు దాటాకే. దక్షిణం వైపు కొద్దిగా వాలిన బండకు ఆ వేళ కిరణాలు దాదాపు నిలువుగా తగులుతాయి. వేసవి నడిమధ్య పడే ఎండకూ దీనికీ తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు.

అదే ఎండ పొలం మీద పడితే కొంత భాగం మట్టిలోని తడిని, ఆకుల్లోని నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. బండలో తడి లేదు, ఆవిరయ్యేదేమీ లేదు. పడ్డ ఎండ చాలావరకు వేడిగానే మారుతుంది. గాలి 36 దగ్గర ఉన్న రోజున బండ పైపొర 50 దాటడం మామూలు విషయం. భువనగిరి బండ మీద పదకొండు గంటలప్పుడు అరచెయ్యి ఆనించి మెల్లగా ఒకటి నుంచి పది దాకా లెక్కపెట్టి చూస్తే ఈ మాట అర్థమవుతుంది. ఆరో ఏడో అంకెకు చెయ్యి దానంతటదే లేచిపోతుంది. చెప్పులు విడిచి ఫొటో దిగుదామనుకున్నవాళ్లు ఒంటికాలి మీద గెంతుతూ వెనక్కి రావడం అక్కడ రోజూ కనిపించే దృశ్యమే.

అంటే గుట్ట మీది మనిషికి సెగ మూడు వైపుల నుంచి తగులుతుంది. పైనుంచి ఎండ, బండ మీద పడి తిరిగొచ్చే వెలుగు, కాగిన బండ తనంతట తాను విడిచే వేడి. నీడలో వేలాడే థర్మామీటర్‌కు ఈ మూడింటిలో ఏదీ సరిగా తెలియదు.

దీంట్లో ఇంకో మెలిక ఉంది. జొన్నరొట్టె కాల్చాక పొయ్యి ఆర్పేసినా పెనం చాలాసేపు చల్లారదు. బండా అంతే. పగటి వేడి జానెడు లోతు దాకా దిగి, సాయంత్రం మెల్లగా బయటికి వస్తుంది. బండ పైపొర బాగా కాగేది ఒంటిగంట, రెండు మధ్య. గాలి వేడి గరిష్ఠానికి చేరేది రెండున్నర, మూడున్నర మధ్య. ఎండ తగ్గిందని అయిదింటికి ఎక్కడం మొదలుపెట్టినవారికి పైన ఎండ ఉండదు కానీ కింద పెనం ఉంటుంది. సాయంత్రం ఎక్కుడు పొద్దుటి ఎక్కుడుకు సాటి రాకపోవడానికి కారణం ఇదే. తెల్లవారేసరికి మాత్రం బండ రాత్రంతా ఆకాశానికి వేడి వదిలేసి చల్లగా ఉంటుంది. మార్చిలో ఈ ప్రాంతంలో పగలు 35, 36 ఉంటే తెల్లవారుజామున 20 దగ్గరికి దిగుతుంది. ఒక్క రోజులోనే పదిహేను డిగ్రీల తేడా!

అన్ని గుట్టలూ ఒకలా కాగవు. భువనగిరి, రాచకొండ, దేవరకొండ బండలు దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్. గ్రానైట్ ఉల్లిపొరల్లా ఊడుతూ గుండ్రంగా అరుగుతుంది కాబట్టి బోర్లించిన కుండలా మిగులుతుంది, దాని మీద నీడకు చోటుండదు. గుండు మీద గుండు పేర్చినట్టున్న చోట్ల సందుల్లో మాత్రం చల్లగా ఉంటుంది. నల్లమల వైపు పైన ఉన్నది పొరలు పొరలుగా పరుచుకున్న క్వార్ట్‌జైట్ రాయి. అది పలకలుగా విరిగి కొండ అంచున చూరులా ముందుకు పొడుచుకు వస్తుంది. అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం గుడి అలాంటి కొండచూరు కింద ఉంది కాబట్టే ఎండ ముదిరినా అక్కడ చల్లగా ఉంటుంది. కట్టినవాళ్లకు రాళ్ల శాస్త్రం తెలిసి ఉండకపోవచ్చు, నీడ ఎక్కడ ఉంటుందో మాత్రం బాగా తెలుసు.

ఆకు రాలిన అడవి

అడవిలో నీడ ఉంటుంది కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. వానాకాలంలో అయితే ఆ మాట నిజం. అమ్రాబాద్ అడవి ఎక్కువ భాగం ఆకురాల్చేది. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, బూరుగు, మోదుగు లాంటి చెట్లు నీటిని కాపాడుకోవడానికి ఎండాకాలం ముందు ఆకులు వదిలేస్తాయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఎండ పెరుగుతుంటే అదే వేగంతో నీడ తగ్గిపోతుంది. మోదుగు పూలు ఎర్రగా విరగబూసి ఫొటోల్లో అడవి ఎంతో అందంగా కనిపించే రోజులివి. ఆ పువ్వు అంత స్పష్టంగా కనిపిస్తోందంటే చెట్టు మీద ఆకు లేదని అర్థం.

రాలిన ఆకు ఊరికే ఉండదు. వాలు దారిలో ఎండుటాకుల పొర కింద గులకరాయి ఉందో గుంత ఉందో తెలియదు. అదే ఆకు అగ్గికి ఆహారం. ఫిబ్రవరి నుంచి మే దాకా అటవీ శాఖకు కార్చిచ్చుల కాలం. అందుకే ముందుగానే మంట పాకకుండా అగ్గి బాటలు తీస్తారు, ఉపగ్రహాలు పట్టిన మంటల సమాచారం సిబ్బంది ఫోన్లకు వస్తుంది. గుట్ట ఎక్కేవారు గుర్తుంచుకోవాల్సింది ఒకటే: మంట వాలు పైకే వేగంగా పాకుతుంది. పైనున్న ఆకును కింది మంట ముందే ఎండబెట్టి వేడెక్కిస్తుంది కాబట్టి, వాలు పది డిగ్రీలు పెరిగితే వేగం సుమారు రెట్టింపవుతుందని అంచనా. పొగ కనిపిస్తే పైకి పరిగెత్తడం అన్నిటికన్నా తప్పు దారి. పక్కకు, బోడిబండ మీదికి తప్పుకోవాలి.

దిగేది పొద్దున, ఎక్కేది మధ్యాహ్నం

ఖిల్లాలకూ సలేశ్వరానికీ ఉన్న అసలు తేడా ఎత్తులో లేదు, వరసలో ఉంది. భువనగిరిలో కష్టం ముందు, సుఖం తర్వాత. చల్లని పూట ఎక్కేస్తాం, ఎండ వచ్చేసరికి దిగుతూ ఉంటాం. ఒళ్లు సహకరించకపోతే సగంలోనే వెనక్కి తిరగవచ్చు. సలేశ్వరంలో ఇది తిరగబడుతుంది. లింగమయ్య ఉన్నది లోయ అడుగున, జలపాతం పక్కన. ఫరహాబాద్ దగ్గర రహదారి వదిలి, అడవి బాటన పోయి, వాహనాలు ఆగినచోటు నుంచి నడిచి, రాళ్ల దారిలో కిందికి దిగాలి. 'వస్తున్నం లింగమయ్యా' అని అరుచుకుంటూ దిగేటప్పుడు ఒంట్లో ఊపు ఉంటుంది, పొద్దు ఇంకా చల్లగా ఉంటుంది, బాటిల్ నిండుగా ఉంటుంది. 'పోయొస్తం లింగమయ్యా' అంటూ తిరుగుముఖం పట్టేసరికి మూడూ ఉండవు.

హైదరాబాద్ నుంచి వచ్చేవారి గడియారాన్ని ఒకసారి చూస్తే విషయం తేలిపోతుంది. మామూలు రోజుల్లో శ్రీశైలం రహదారిపై మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను తిరగనివ్వరు. పులుల అడవి కాబట్టి ఆ నియమం తప్పదు. తెల్లవారాక లోపలికి వచ్చి, నడక మొదలుపెట్టేసరికి ఎనిమిది దాటుతుంది. దిగడం, రద్దీలో వరస, స్నానం, దర్శనం అయ్యేసరికి పదకొండున్నర, పన్నెండు. ఎక్కుడు పన్నెండు నుంచి రెండు మధ్య పడుతుంది. ఎవరూ కావాలని ఆ వేళ ఎంచుకోరు. దారి, చెక్‌పోస్టు, క్యూ కలిసి ఎంచిపెడతాయి.

పైగా లోయ అడుగున జలపాతం దగ్గర గాలి తడిగా, చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం మోసం చేస్తుంది. గుండం పక్కన కూర్చున్నవాళ్లకు దాహం తెలియదు, నీళ్లు తాగాలనిపించదు. అక్కడి నుంచి కొంత దూరం పైకి రాగానే రెండు పక్కలా కాగిన రాతి గోడలు, మధ్యలో కదలని గాలి. మెదక్, నిజామాబాద్ దాకా ఎక్కడి నుంచో వచ్చిన పెద్దవయసువాళ్లు ఆ మలుపుల్లోనే కూలబడతారు. వటవర్లపల్లి దగ్గరి మల్లెలతీర్థంలోనూ మెట్లు ముందు దిగాలి, తర్వాత ఎక్కాలి. దూరం తక్కువ కాబట్టి అక్కడ ప్రమాదం ఈ స్థాయిలో ఉండదు, సూత్రం మాత్రం అదే.

కనిపించని చెమట

ఒంట్లో పుట్టే వేడిని చిన్న లెక్కతో చూడవచ్చు. 70 కిలోల మనిషి 5 కిలోల సంచితో 150 మీటర్లు ఎక్కితే చేసే పని సుమారు 110 కిలోజౌళ్లు. కండరాలు తాము వాడుకున్న శక్తిలో ఐదో వంతునే పనిగా మారుస్తాయనుకుంటే, మిగిలిన 440 కిలోజౌళ్లు ఒంట్లో వేడిగా మిగులుతాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే దాదాపు 2,400 కిలోజౌళ్ల వేడిని తీసుకుపోతుంది. అంటే ఆ వేడి వదిలించుకోవడానికే ఒక టీ గ్లాసు కన్నా ఎక్కువ, 180 మిల్లీలీటర్ల చెమట కావాలి. ఇది ఎక్కుడు లెక్క ఒక్కటే. ఎండ, బండ ఒంట్లోకి తోసే వేడి అదనం. గట్టిగా ఎక్కేటప్పుడు గంటకు లీటరు చెమట పోవడం అరుదేమీ కాదు.

మార్చి మధ్యాహ్నాల్లో తెలంగాణ గాలిలో తేమ 20, 30 శాతానికి పడిపోతుంది. చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. విశాఖ వైపు కొండలెక్కేవారి చొక్కా తడిసి ముద్దవుతుంది కాబట్టి ఎంత నీరు పోయిందో వాళ్లకు కళ్ల ముందే కనిపిస్తుంది. నల్లగొండ గుట్ట మీద చొక్కా పొడిగానే ఉంటుంది. వీపు మీద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. 'నాకు చెమటే పట్టలేదు' అన్న మాట ఇక్కడ ధైర్యం చెప్పే మాట కాదు.

అదే పొడిగాలి ఒక మేలూ చేస్తుంది. తడి తువ్వాల తల మీద, మెడ మీద వేసుకుంటే క్షణాల్లో చల్లబరుస్తుంది. తేమ ఎక్కువగా ఉండే తీరంలో ఈ చిట్కా సగం కూడా పనిచేయదు. గాలి 35 డిగ్రీలు దాటితే, అంటే చర్మం కన్నా వేడెక్కితే, వీచే గాలే ఒంటికి వేడి ఎక్కిస్తుంది. చెమట ఆరుతున్నంతసేపే ఆ గాలి మనవైపు, ఒంట్లో నీరు తగ్గితే ఎదురు తిరుగుతుంది. ఉత్త నీళ్లు లీటర్ల కొద్దీ తాగి ఉప్పు సంగతి మరిచినా చిక్కే, రక్తంలో సోడియం పడిపోతుంది. మజ్జిగ, జొన్న అంబలి ఊరికే రాలేదు. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి, కలుపుకుంటే సరిపోతుంది. తోటి మనిషి మాట తడబడుతున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా అది అలసట కాదు, వడదెబ్బ. వెంటనే 108కి ఫోన్ చేయాలి, అంబులెన్స్ వచ్చేదాకా ఆగకుండా నీడకు చేర్చి ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.

సాయంత్రం మబ్బు

ఎండలు మొదలైన నెలలోనే రాళ్లవాన ఎందుకు పడుతుందన్నది ఏటా వచ్చే ప్రశ్న. టీవీలో వినిపించే 'ద్రోణి' అన్న మాట దగ్గర దీనికి జవాబుంది. ఈ రోజుల్లో విదర్భ, మరాఠ్వాడాల నుంచి తెలంగాణ, కర్ణాటకల మీదుగా తమిళనాడు దాకా తక్కువ పీడనం ఉన్న ఒక పొడవాటి గీత తరచూ ఏర్పడుతుంది. దానికి తూర్పున బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి, పడమర లోపలి నేలల పొడిగాలి. రెండూ ఒరుసుకునేచోట గాలి పైకి లేస్తుంది. కింద నేల కాగి ఉంటుంది, పైన ఇంకా శీతకాలపు చల్లదనం పోలేదు. కింద వేడి, పైన చలి అయితే మబ్బు నిలువునా ఎదుగుతుంది. గుట్టలు గాలిని ఇంకాస్త ఎత్తిపెడతాయి కాబట్టి తొలి మబ్బు చాలాసార్లు వాటి మీదే పుడుతుంది.

వడగండ్లు మే కన్నా మార్చి, ఏప్రిల్‌లలో ఎక్కువగా పడటానికీ కారణం ఆ పై చలే. గడ్డ కట్టిన రాయి కిందికి వచ్చేలోపు కరగాల్సిన దూరం అప్పుడు తక్కువ. 2023 మార్చి నడుమ వికారాబాద్ జిల్లా మర్పల్లి ప్రాంతంలో పొలాలు, రోడ్లు తెల్లగా కప్పుకుపోయిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి.

పన్నెండింటికి దూది పింజల్లా ఉన్న మబ్బులు మూడింటికి గోబిపువ్వులా ఉబ్బితే ఇక దిగడం మొదలుపెట్టాలి. మబ్బు తల పలకలా పరుచుకుంటే ఆలస్యమైనట్టే. ఉన్నట్టుండి దుమ్ముతో చల్లగాలి కొట్టిందంటే వాన పక్క గుట్ట దాకా వచ్చేసిందని అర్థం. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క. ముప్పై సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు అందుకునే దూరంలో ఉన్నట్టు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ కదలాలి.

బోడిగుండు లాంటి గుట్ట మీద అందరికన్నా ఎత్తుగా ఉన్నది మనిషే. ఒంటిచెట్టు కిందికి పోకూడదన్నది చాలామందికి తెలుసు. తెలియనిది ఇంకోటుంది: ఎండకు కాపాడిన కొండచూరు పిడుగుకు కాపాడదు. బండ మీదుగా పారే విద్యుత్తు చూరు అంచు నుంచి నేలకు దూకేటప్పుడు మధ్యలో ఉన్న మనిషి గుండా పోగలదు. మెట్ల పక్కన ఇనుప కడ్డీలుంటే వాటినీ వదిలేయాలి. శిఖరం, అంచు విడిచి కిందికి, గుంపుగా కాక ఎడంఎడంగా దిగడమే మేలు. నెలల దుమ్ము పట్టిన గ్రానైట్ మీద తొలి చినుకులు పడితే అది నూనె రాసినట్టు జారుతుంది. భారీ వాన కన్నా మొదటి పది నిమిషాల తుంపరే ఇక్కడ ఎక్కువమందిని జారుస్తుంది.

రంగు రాని హెచ్చరిక

హైదరాబాద్‌ బేగంపేటలోని వాతావరణ కేంద్రం జిల్లాలవారీగా పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో హెచ్చరికలిస్తుంది. ఉరుముల వానకు మూడు గంటల ముందస్తు సూచన వేరుగా వస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తెచ్చిన 'దామిని' యాప్ 20 నుంచి 40 కిలోమీటర్ల లోపు పిడుగులను చెబుతుంది. ఇవన్నీ పనికొచ్చేవే, అయితే నల్లమల లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. కాబట్టి ఆ సూచనలు చూడాల్సింది అచ్చంపేటలో, మన్ననూరులో. లోపలికి పోయాక మిగిలేది ఆకాశమే.

ఎక్కువ అయోమయం వడగాలి హెచ్చరికతోనే. మైదాన ప్రాంతాల్లో పగటి వేడి కనీసం 40కి చేరి, మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగితేనే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. నేరుగా 45 తాకినా అంటుంది. కొండ ప్రాంతాలకు ఆ గీత 30 డిగ్రీలే. కానీ మన గుట్టలకు అంచనా వచ్చేది మైదానంలోని కేంద్రాల నుంచి. మార్చి రెండో వారంలో 38 వస్తే ఏ రంగూ రాదు. అయితే అప్పటికి ఒళ్లు ఇంకా చలికాలపు అలవాటులోనే ఉంటుంది. ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఏసీ గదిలో కూర్చునేవారికి ఆ అలవాటు మొదలే కాదు. మే నెల 42లో పొలం పని చేసే మనిషి కన్నా మార్చి 38లో మొదటిసారి గుట్ట ఎక్కే ఉద్యోగికి వడదెబ్బ భయం ఎక్కువ కావచ్చు. హెచ్చరిక ఒక జిల్లా మొత్తానికి గీసిన గీత. ఒక ఒంటి అలవాటు దానికి తెలియదు.

తొలి ఎండలు ముందుకు జరుగుతుండటం కూడా దీనికి తోడైంది. దేశం మొత్తం మీద 1901 నుంచి ఉన్న రికార్డుల్లో అప్పటిదాకా అత్యంత వేడి మార్చిగా 2022 మార్చి, అత్యంత వేడి ఫిబ్రవరిగా 2025 ఫిబ్రవరి నమోదయ్యాయి. శివరాత్రి సామెతలోని చలి ఇప్పుడు కొన్నేళ్లు శివరాత్రి దాకా ఆగడం లేదు.

పౌర్ణమి కదిలితే

'పోయినేడు ఇదే జాతరకు పోయొచ్చాం, ఏం కాలేదు' అన్న ధీమాలో ఒక లోపముంది. చాంద్రమాన సంవత్సరం సుమారు 354 రోజులు కాబట్టి పండుగలు ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి, అధికమాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా ముందుకు దూకుతాయి. చైత్ర పౌర్ణమి 2023లో ఏప్రిల్ 6న, 2024లో ఏప్రిల్ 23న, 2025లో ఏప్రిల్ 12న వచ్చింది. 2026లో ఏప్రిల్ 2. పేరుకు అదే తిథి, అదే జాతర. ఎండ మాత్రం ఒక ఏడు తొలి వేసవిది, ఇంకో ఏడు నడి వేసవిది. ఏప్రిల్ 2న సలేశ్వరం లోయ మీద మధ్యాహ్నపు సూర్యుడు 79 డిగ్రీల ఎత్తున ఉంటే, ఏప్రిల్ 23న 86 డిగ్రీలు, దాదాపు నడినెత్తి. నీడకు రాతిగోడ పక్కన మిగిలే జాగా కూడా ఆ మేరకు సన్నబడుతుంది.

2026లో జ్యేష్ఠం అధికమాసం కాబట్టి 2027లో చైత్ర పౌర్ణమి మళ్లీ ఏప్రిల్ 20 ప్రాంతానికి పోతుంది. ఏప్రిల్ 2 నాటి అనుభవంతో, అదే నీళ్ల బాటిల్‌తో, అదే వేళకు దిగేవారికి తిరుగు ఎక్కుడులో ఎదురయ్యేది దాదాపు మూడు వారాలు ముదిరిన ఎండ.